గార్లదిన్నెకు మూడో పాసు

"దొరికినాయి మల్లీ, పాసులు దొరికినాయి!" అని గిరి ఫోన్‌లో అరిచినప్పుడు నా వేళ్ల మధ్య ఉన్న శనక్కాయ టప్పుమని పగిలి, గింజ ఎగిరి అత్త ఒళ్లో పడింది. నేను నిలబడ్డచోటే రెండు గెంతులు గెంతాను. పెళ్లయి నలభై ఒక్క రోజులైంది, కొత్త కోడలు గెంతకూడదని ఈ ఇంట్లో ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. బెంగుళూరు రాక్ బ్యాండు రెడ్ గ్రావెల్ వాళ్లు రేపు అనంతపురంలో వాయిస్తున్నారు! నలుగురు కుర్రాళ్లు వ్యానులో హైదరాబాదు పోతూ దారిలో ఒక పూట ఆగుతున్నారట. బేస్ గిటారు వాయించే అతని తల్లిది ఈ ఊరేనట, రేపు ముహూర్తం లేదు కాబట్టి ఒక కల్యాణ మండపం ఖాళీగా దొరికిందట. అంటే పెళ్లిపీటలు వేసేచోట డ్రమ్ములు పెడతారన్నమాట. ఆ సంగతి తలుచుకుని మూడో గెంతు కూడా గెంతాను. "మూడు తీసినా," అన్నాడు గిరి. "నీకొకటి, నాకొకటి, గార్లదిన్నెకు ఒకటి." ఆ తర్వాత నాలుక కరుచుకున్నట్టు ఒక చిన్న నిశ్శబ్దం, టక్కుమని చప్పుడు, లైను పోయింది. పోయిందా, అతనే పెట్టేశాడా?

గార్లదిన్నె. ఊరి పేరే, నాకు మాత్రం అది ఒక మనిషి పేరు. ఈ నలభై ఒక్క రోజుల్లో అతని ముందు ఆ పేరు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదనుకున్నాను. ఎందుకంటే గార్లదిన్నె అంటే గిరే అనుకుని నేను అతన్ని పెళ్లి చేసుకున్నాను.

"ఏమంటాడు వాడు?" అని అత్త అడిగింది, ఒళ్లో పడిన గింజను చేటలోకి వేస్తూ. "రేపు పాటలు వాయిస్తారంటత్తా, టౌన్లో." "ఎవురి పాటలు? ఆ ఇంగ్లీషువేనా?" "అవే." అత్త నా మొహం వైపు ఒకసారి చూసింది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచి ఆ చూపు అలాగే ఉంది, సంతలో గొర్రె పళ్లు చూసినట్టు, కోపం లేకుండా, నమ్మకమూ లేకుండా. తిరిగి ఫోన్ చేద్దామంటే రిసీవరు మాత్రం బయటికి ఉండేలా ఫోన్‌ను చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు, వచ్చే ఫోన్లు వస్తాయి, మనం చేయాలంటే తాళంచెవి అత్త నడుముకు ఉంటుంది. అడిగితే ఇస్తుంది. ఎవరికి అంటుంది. ఎందుకు అంటుంది. నేను చాప మీద కూర్చుని మళ్లీ కాయలు అందుకున్నాను. నాలుగున్నర. కరెంటు లేదు, ఐదున్నరకు గాని రాదు. గిరి బస్సు కూడా ఐదున్నరకే. ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు రోజులైనా ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు, అయినా నాలుగెకరాల విత్తనం చేత్తోనే వొలుస్తున్నాం, మిషన్‌కు వేస్తే గింజ పొర పోయి మొలవదని అత్త పట్టుదల. నాకు ఈ పని ఇష్టం. కాయ నొక్కగానే లోపల రోజారంగు పొరలో గింజలు పక్కపక్కన నిద్రపోతున్నట్టు కనపడతాయి, మూడు గింజల కాయ దొరికితే రోజంతా బాగుంటుందని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఇప్పుడే ఒకటి దొరికింది. మూడు. నీకొకటి, నాకొకటి. మూడోదాన్ని చేటలో వేయకుండా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు రోజుల్లో ఆషాఢం వస్తుంది. మా నాయన వచ్చి నన్ను బత్తలపల్లెకు తీసుకుపోతాడు, కొత్త కోడలూ అత్తా ఒక కప్పు కింద ఉండకూడని నెల అది. అంటే ఈ సంగతి తేలకపోతే ముప్ఫై రోజులు అక్కడ గోడకు ఆనుకుని, నేను పెళ్లి చేసుకున్నది ఎవరిని అని ఆలోచిస్తూ ఉండాలి.

తప్పు కృపాకుమారిదే అనాలి, ఎందుకంటే మొదలుపెట్టింది అది. తొంభై తొమ్మిదిలో, హాస్టల్లో, నా పక్క మంచం. బెంగుళూరులో వాళ్ల చిన్నాన్న కొడుకు పంపే క్యాసెట్లు దిండు కింద పెట్టుకునేది. మొదటిసారి టిన్ ఆర్చర్డ్ వాళ్ల పాట వినిపించినప్పుడు నాకు గుర్తున్నది, గాలివానకు రేకుల కప్పు లేచిపోతున్నట్టు గిటారు, దాని వెనకాల ఎవరో ఎవరితోనో కాకుండా తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు గొంతు. సినిమా పాటలో ఎవరో ఒకరు మనల్ని చూసి నవ్వుతారు, ఇందులో ఎవరూ నావైపు చూడలేదు, అదే నాకు హాయిగా అనిపించింది. చదువు అయిపోయి ఎవరి ఊళ్లకు వాళ్లం పోతుంటే కృప క్యాసెట్ చీటీ పెట్టింది. డబ్బు చీటీలో నెలకొకరి పేరు వచ్చినట్టే ఇందులో నెలకొకరి వంతు. ఆరుగురం. వంతు వచ్చినవాళ్లు తమకిష్టమైన పాటలు ఒక క్యాసెట్ నిండా ఎక్కించి తర్వాతి ఊరికి పంపాలి, విన్నవాళ్లు మూడే మూడు వాక్యాలు కాగితం మీద రాసి లోపల పెట్టి ఆ తర్వాతి ఊరికి పంపాలి. ఆరిళ్లూ తిరిగి చివరకు పంపినవాళ్ల దగ్గరికే చేరుతుంది. కాగితం మీద పేరు ఉండకూడదు, ఊరి పేరే. ఆడపిల్లని తెలిస్తే పాట సంగతి వదిలేసి పిల్లతో మాట్లాడతారని కృప అనుమానం. అందుకని నేను బత్తలపల్లె. ఇంకొకరు యాడికి, ఒకరు తాడిపత్రి, ఒకరు ధర్మవరం, కృప అనంతపురం. నాకు ముందు వంతు గార్లదిన్నె, అక్కడినుంచే కవరు నాకు వచ్చేది. ఎవరినీ కలవకూడదు, ఎవరి గురించీ అడగకూడదు, పంపేముందు టేపును మొదటికి తిప్పి పంపాలి. అంతే నియమాలు.

గార్లదిన్నె ఎంత బాగా రాసేవాడో! మేం వినే పాటలను ఇండీ అంటారని పత్రికల్లో చదివి ఆ మాట వాడేవాళ్లం, దాని అర్థం మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. యాడికి వాళ్లు చిన్న కంపెనీ పాటలు అన్నారు, ధర్మవరం వాళ్లు పెద్ద జుట్టు అన్నారు. గార్లదిన్నె ఒక్క వాక్యం రాశాడు, "ఎవురూ అడక్కుండానే చేసే పాట." నేను ఒక రోజంతా ఆ వాక్యం పట్టుకుని తిరిగాను. పోట్లాడాను కూడా. పేపర్ టర్బైన్ వాళ్లంటే నాకు ప్రాణం, అతనికి పడదు, సగం పాట చెవిలో గుసగుసే అంటాడు. గొంతు దగ్గరగా వినపడాలి గదా అని నేను రాస్తే దానికి జవాబుగా రాసిన వాక్యం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. "పాడేవాడు పక్క చేన్లో ఉన్నట్టుండాల, మన మొగం మీద ఉండగూడదు." పక్క చేను! దున్నుకుంటూ ఎవరో పాడుకుంటుంటే గాలి ఇటు తిరిగినప్పుడు సగం మాట వినపడటం, తిరగనప్పుడు వినపడకపోవడం. అంత దూరంలో ఉండాలట పాట. ఎంత పోట్లాడినా అతను చెప్పింది నిజమని నాకు ఆ రోజే తెలుసు, ఒప్పుకోలేదంతే.

పెళ్లిచూపుల్లో, ఇంటి వెనక నీళ్ల డ్రమ్ము పక్కన మమ్మల్ని ఐదు నిమిషాలు మాట్లాడుకోమని వదిలేశారు. పోస్టాఫీసులో ఉద్యోగం, మడత నలగని చొక్కా, గొడుగు. మే నెలలో గొడుగేమిటని నవ్వు ఆపుకుంటున్నాను. "పాటలు వింటారా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. "వింటా. రాక్," అన్నాడు, డ్రమ్ము వైపు చూస్తూ. ఇంకా నేనేమీ అడగకముందే, "పాడేవాడు పక్క చేన్లో ఉన్నట్టుండాల. మన మొగం మీద ఉండగూడదు," అన్నాడు. నా చేతిలో చెంబు డ్రమ్ములో పడింది. లోపలికి పోయి మా అమ్మతో సరే అని చెప్పాను, ఆలోచించుకోవే అంది, ఆలోచించాను అన్నాను. నాలుగేళ్లు ఆలోచించినదానికి సమానం కాదా? అడగకూడదన్నది నియమం కాబట్టి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు, మా ఇద్దరి మధ్యా ఇది ఎంత ముద్దొచ్చే రహస్యం అనుకుంటూ నలభై ఒక్క రోజులు తీపి తిన్నట్టు తిరిగాను.

ఎక్కడెక్కడ పొరబడ్డానో ఇప్పుడు ఒక్కొక్కటీ కాయ పగిలినట్టు బయటపడుతోంది. గార్లదిన్నె అక్షరాలు ఎడమకు వాలి ఉంటాయి. గిరి సంతకు రాసే పట్టీలో అక్షరాలు మనియార్డరు ఫారం మీద రాసినట్టు నిటారుగా, గడి దాటకుండా ఉంటాయి. చీటీకి ఎడమచేత్తో రాసేవాడేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, ఎంత తెలివో నాది. పెళ్లైన రెండో వారం మా నాయన ఆ నెల క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. అందులో గార్లదిన్నె కాగితం, "పోయిన నెల బత్తలపల్లె ఏమీ రాయలేదు, పోట్లాడేదానికి మనిషి లేక ఏమీ తోచలా." నేను అది చదివి పక్కనే ఉన్న గిరిని మోచేత్తో పొడిచి కిలకిలా నవ్వాను. అతను నవ్వలేదు. నీళ్లు తాగడానికి లేచిపోయాడు. సిగ్గుపడ్డాడు అనుకున్నాను! మొన్నటికి మొన్న టిన్ ఆర్చర్డ్ గురించి, "ఆ డ్రమ్ములాయన ఇస్త్రీ చేసినట్టు వాయిస్తాడు," అన్నాడు. అది తాడిపత్రి మాట. గార్లదిన్నె ఎన్నటికీ అనని మాట. ఒక మనిషి ఇద్దరి మాటలు మాట్లాడతాడా? నా పెట్టెలో కాగితాలు చదివి ఉండవచ్చు, అది సరే, పెళ్లయ్యాక. మరి నీళ్ల డ్రమ్ము దగ్గర చెప్పిన మాట?

కృప చెప్పి ఉంటుందా? నాకు పెళ్లి చేయాలని, ఈ అబ్బాయికి రెండు వాక్యాలు నేర్పించి పంపిందా? చేయదు. నియమం పెట్టింది అదే, దాన్ని తప్పాల్సి వస్తే దానికి జ్వరం వస్తుంది. అసలు ఈ సంబంధం ఎవరు తెచ్చారు? మా నాయన హనుమంతప్ప, మా మేనమామ తెచ్చాడనుకున్నాడు, మా మేనమామ మా పెద్దమ్మ తెచ్చిందనుకున్నాడు, పెళ్లిలో భోజనాల దగ్గర ముగ్గురూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకుంటుంటే ఎవరూ నేను తెచ్చానని అనలేదు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

"ఏం పాపా, గింజలు తొక్కల్లో వేస్తాండావు," అంది అత్త. చూసుకుంటే నిజమే. ఏరి మళ్లీ చేటలో వేశాను. తొక్కల్లో గింజ, గింజల్లో తొక్క. విడదీయడం. సంచీ విప్పి ఏ ఊరివి ఆ ఊరికి విడదీయడం. నా చెయ్యి ఆగిపోయింది. పోస్టాఫీసులో గిరి చేసే పని అదే కదా. సంచీ వస్తుంది, విప్పుతాడు, ఊళ్ల వారీగా విడదీస్తాడు. ఏ ఊళ్లు అని నేనెప్పుడూ అడగలేదు, కొత్త పెళ్లికూతురు మొగుడి ఆఫీసు సంచుల గురించి అడుగుతుందా?

మేం పంపేది బుక్ పోస్టులో. చౌక అని. కవరు అంటించకూడదు, మడత లోపలికి దోపాలి, తెరిచి చూసుకునే హక్కు వాళ్లకుంటుంది, అందుకే చౌక. అచ్చు కాగితాలకు మాత్రమే అది, క్యాసెట్ పంపకూడదు. మేం పాత వారపత్రిక మధ్యలో పెట్టి చుట్టి పంపేవాళ్లం. కృప ఒకసారి రాసింది కూడా, నాలుగేళ్లలో మన కవరుకు ఒక్కసారి జరిమానా పడలేదు, పత్రిక మధ్యలో ఇటుకంత ఎత్తు ఉంటే ఎవరూ చూడరా, మనకు దేవుడు తోడున్నాడు అని. దేవుడు కాదు కృపా. ఎవరో చూశారు. మడత విప్పి, లోపల క్యాసెట్ చూసి, కాగితాలు చూసి, ఒక మాట అనకుండా మళ్లీ దోపి పంపారు. గార్లదిన్నె నుంచి బత్తలపల్లెకు వచ్చే కవరు మాత్రం ఎప్పుడూ రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చేది. పైగా టేపు మొదటికి తిప్పి ఉండేది కాదు, ఏదో ఒక పాట మధ్యలో, కరెంటు పోయి ఆగినట్టు ఆగి ఉండేది. నేను ఊరుకున్నానా? గార్లదిన్నెకు సోమరితనం అని రాశాను. నేను తిప్పే పంపినా, ఒట్టు అని అతను రాశాడు. అబద్ధాలకోరు అని రాశాను. పాపం ఆ మనిషి, ఎవరో, ఎక్కడో, తిప్పే పంపాడు. మధ్యలో ఒకరున్నారు. ఆరుగురి మధ్య ఏడోవాడు, ఊరు లేనివాడు, ఒక్క వాక్యమూ రాయనివాడు, మా పోట్లాటలన్నీ చదివి మళ్లీ మడిచి దోపినవాడు. కవరు మీద చిరునామా మా నాయన పేరుతో ఉంటుంది, ఇంటిపేరుతో సహా. ఇంటిపేరు చూసి మనవాళ్లే అని లెక్క వేసుకున్నాడా? రాసేది ఆడపిల్లని ఎట్లా పసిగట్టాడు? ఆ ఇంట్లో చదువుకున్న కూతురుందని మా పోస్ట్‌మ్యాన్‌నే అడిగి ఉంటాడా? పళ్లు కొరుక్కుంటూ అనుకుంటున్నాను, మళ్లీ అంతలోనే, గొడుగు కింద అతని మెడ మీద చిన్న చెమటచుక్క గుర్తొచ్చి నవ్వొస్తోంది, నవ్వొచ్చినందుకు నా మీద నాకే కోపం వస్తోంది. గార్లదిన్నె కాదు. గార్లదిన్నె మాట దొంగిలించి నా ముందు పెట్టినవాడు. నేను సరే అన్నది ఎవరికి?

అప్పుడు గుర్తొచ్చింది నా క్యాసెట్. పోయిన ఏడాది నా వంతు వచ్చినప్పుడు పంపింది, ఆరిళ్లూ తిరిగి వచ్చాక ఒకచోట శబ్దం పలచబడి ఉంది. పేపర్ టర్బైన్ వాళ్ల చివరి పాట. మధ్యలో ఒక నిమిషం ఏమీ ఉండదు, ఒక తీగ, ఒక ఆడగొంతు ఊపిరి తీసుకోవడం, అంతే. అక్కడ టేపు అరిగిపోయింది. కళాయి పోయిన గిన్నెలా. మా టేపు రికార్డరే పాడైందనుకున్నాను. లేచి లోపలికి పోయాను. కరెంటు లేదు కదా, అత్త చేనికి తీసుకుపోయే టార్చి, వంటింటి టార్చి విప్పి నాలుగు సెల్లులు టేపు రికార్డరులో వేశాను. సరిగ్గా నాలుగే పట్టాయి, చిన్నదే అయినా భలే సంతోషం వేసింది. తెచ్చి గడప దగ్గర పెట్టి నొక్కాను. రేకుల్లాంటి గిటారు కాసేపు, తర్వాత ఆ నిమిషం. పలచన. అక్కడొక్కచోటే. నా రికార్డరు పాడైతే మొత్తం పాడవాలి కదా. ఎవరో వెనక్కి తిప్పి, వెనక్కి తిప్పి, ఆ ఒక్క నిమిషాన్నే విన్నారు. నా పెట్టెలోని కాగితాలు కళ్ల ముందు తిరిగాయి. ఈ పాటకు గార్లదిన్నె, "నిద్ర వచ్చింది." తాడిపత్రి, "సగం పాట ఎక్కలేదు, టేపు చెడినట్టుంది." కృప, "బత్తలపల్లెకు తిక్క." ఆరుగురిలో నాకు తప్ప ఒక్కరికీ నచ్చని పాట.

అత్త చేతిలో కాయ అట్లాగే ఉంది. "ఇది ఆ పాటే గదా," అంది.

"ఏ పాటత్తా?"

"పోయిన ఏడాది మావాడు ఇదే పెట్టుకోని కూచుంటాండె. సాయంత్రం క్యాసెట్ తెచ్చేది, పొద్దున్నే తీసకపోయేది. రెండు దినాలు, మూడు దినాలు ఇదే. పాట గూడా కాదు, ఆ యమ్మ ఊపిరి పీల్చేది. తిప్పేది, వినేది. తిప్పేది, వినేది. నాకు గుండెకాయ గొంతులోకొచ్చె."

"ఎందుకత్తా?"

అత్త ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా. "మన వీధి చివర యేసన్న ఇంట్లో గిటారు ఉండాది గదా. వాళ్లు మంచోళ్లే, నేను కాదనడంలా. మావాడు సెప్పకుండా సెయ్యకుండా ఆ మతంలో కలస్తాండాడేమో అనుకుంటి. ఒక్కగానొక్క కొడుకు. అందుకే వాడు బత్తలపల్లెలో హనుమంతప్పకు కూతురుందంట సూడమ్మా అనంగానే, జాతకాలు గూడా సూపీకుండా ఊ అంటి. పెండ్లయితే కుదురుకుంటాడని." చేటను ఒకసారి ఎగరేసి దించింది. "నువ్వొచ్చినాక పెట్టె తెరిసి సూస్తే, నిండా అవే! సర్లే, ఇద్దరూ ఒకే దోవ పడితిరి అనుకోని గమ్మునుంటి. రేపు పోయేది చర్చికే గదా? దాపెట్టేదేముంది, సెప్పు."

నాకు నవ్వు ఆగలేదు. తొక్కల కుప్ప మీద పడి నవ్వాను. "ఏ చర్చిలో వాయిస్తారత్తా ఇవి! మా కృప వాళ్ల పాస్టరుకు వినిపిస్తే తరిమి తరిమి కొడతాడు. వాళ్ల పాటలు తెలుగులోనే ఉంటాయి, చక్కగా, తాళం తప్పకుండా." అత్త నమ్మిందో లేదో, "అయితే ఇంగ దేనికి వినేది ఇంతసేపు?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. చూడమ్మా అని అడిగింది గిరే. సంబంధం తెచ్చింది మా మేనమామ కాదు, పెద్దమ్మ కాదు. పాట అరిగింది, ఒక తల్లి భయపడింది, పెళ్లయింది.

కానీ నాకు చెప్పలేదే. ఇదే గొంతులో ముల్లు. గార్లదిన్నె మాట చెప్పాడు, తాడిపత్రి మాట చెప్పాడు, అందరి మాటలూ తెచ్చి నా ముందు పోశాడు, ఈ పాట గురించి మాత్రం నలభై ఒక్క రోజుల్లో ఒక్క ముక్క అనలేదు. నా పెట్టెలో ఈ క్యాసెట్ ఉందని తెలిసీ ఒక్కసారి పెట్టమని అడగలేదు. తెచ్చుకున్నవన్నీ బయటపెట్టి సొంతది ఒక్కటి దాచుకునే మనిషి ఎట్లాంటి మనిషి? భయపడేవాడా? నన్ను గెలవడానికి తన మాట చాలదనుకున్నవాడా? లేక అసలు మాటే లేనివాడా, ఊపిరి వినడం తప్ప? అత్త చెప్పింది విని నేను తొందరపడి కరిగిపోతున్నానేమో, ఒక అరిగిన టేపు చూసి మళ్లీ మోసపోతున్నానేమో. ఒక వాక్యానికి సరే అన్నదాన్ని, ఒక అరుగుదలకు క్షమించేస్తానా? వీధి మలుపులో బస్సు హారన్. అరచేతిలో మూడో గింజ చెమటకు తడిసి పొర ఊడింది.

గిరి గొడుగు మూసుకుంటూ వచ్చాడు, వాన లేని ఊళ్లో ఎండకు వేసుకునే ఆ గొడుగు. చేతిలో మూడు పాసులు, మండపం వాళ్ల ప్రెస్సులోనే అచ్చు వేశారేమో, పసుపురంగు శుభలేఖ కాగితం, అంచున మామిడాకులు కూడా ఉన్నాయి. వేరే రోజైతే వాటిని చూసి ఎగిరేదాన్ని. గడప దగ్గర టేపు రికార్డరు తిరుగుతోంది, నేను వెనక్కి తిప్పి పెట్టాను, సరిగ్గా ఆ నిమిషం. అతని కాలు గడప మీదే ఆగిపోయింది. ఊపిరి తీసుకోవడం వినపడింది, పాటలోదా, అతనిదా తెలియలేదు.

"గార్లదిన్నె ఎవరు?" అన్నాను.

"వీరేష్ అని. గార్లదిన్నె రోడ్డు మీద లారీలకు పంచర్లు ఏస్తాడు." గిరి గొడుగు వైపు చూస్తూ చెప్తున్నాడు. "పోయిన ఏడాది నువ్వు రాసిన కాగితం పట్టుకోని మా ఆఫీసుకొచ్చినాడు. టేపు నేను తిప్పే పంపినా, మధ్యలో ఎవురు విప్పుతాండారని. నా మొగం సూస్తానే పట్టేసినాడు. కౌంటర్ మీదనుంచి నా కాలరు పట్టుకున్యాడు."

"కొట్టినాడా?"

"లేదు. విప్పేది నేనే, రాసేది బత్తలపల్లె హనుమంతప్ప కూతురని అంతా సెప్పేస్తే టీ తాపినాడు. ఆ పిల్లకు నువ్వే సెప్పాల, లేదంటే నేనొచ్చి సెప్తా అన్యాడు. పెండ్లికి ముందర సెప్దామనుకుంటి, నోరు రాలే. రేపు ఆయన పక్కనుంటే ధైర్యంగా ఉంటాదని మూడో పాసు తీస్తి. ఫోన్లో నోరు జారింది."

"నీళ్ల డ్రమ్ము కాడ చెప్పిన మాట?"

"ఆయనది."

"ఇస్త్రీ చేసినట్టు వాయిస్తాడన్నది?"

"తాడిపత్రిది."

"నీది ఏది?"

అత్త కాయలు వొలవడం మానేసింది. గిరి నోరు తెరిచాడు, టేపు రికార్డరు వైపు చూశాడు, ఏదో రాబోయింది. నాకు ఎక్కడ లేని భయం వేసింది. ఇప్పుడు ఏం చెప్పినా నేను నమ్మేస్తాను, అతని మొహం అట్లా ఉంది, నా ఒళ్లు అట్లా ఉంది. చెయ్యి ఎత్తి ఆపాను. "ఇప్పుడు చెప్పొద్దు," అన్నాను. "నోటితో ఎవరి మాటైనా చెప్పొచ్చు. రేపు నాలుగింటికి మండపం మెట్ల మీద ముగ్గురం కూర్చుందాం. కాగితాలు నేను తెస్తా. ఈ పాట మీద తలా మూడు వాక్యాలు. రాసినాక వీరేషన్న నీది చదువుతాడు. ఆయన మాట గానీ, తాడిపత్రి మాట గానీ, ఆఖరుకు నా మాట గానీ ఒక్కటి కనపడినా, ఆషాఢమే కాదు, శ్రావణం గూడా బత్తలపల్లెలోనే ఉంటా."

కరెంటొచ్చి పైన ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. తొక్కలు చాప మీద అటూ ఇటూ ఎగిరాయి. గిరి వంగి ఒక తొక్క తీసి పక్కన పెట్టాడు, ఇంకొకటి తీశాడు, విడదీసే అలవాటు చేతిది.

"కింద ఏ ఊరు రాయాల మల్లీ?" అని అడిగాడు. "నాకు ఊరు లేదు గదా మీ చీటీలో."

మూడో గింజను అతని అరచేతిలో పెట్టాను. "ముందు మూడు వాక్యాలు రాయి. ఊరు సంగతి చదివినాక చూద్దాం. రేపు, నాలుగింటికి."